నిలబెట్టినందుకు చెడిన కారు: ఇందుకూరుపేట షెడ్డులో ఒక గల్లార్డో కేసు

లాంబోర్గిని గల్లార్డో అనే స్పోర్ట్స్ కారు కేసు ఒకటి 2024 నవంబరులో నా దగ్గరికి వచ్చింది. నేను నెల్లూరులో ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తాను. మొదట తొమ్మిదేళ్లు చెన్నైలో దిగుమతి కార్ల వైరింగు మీద పనిచేసి, తర్వాత ఇక్కడికొచ్చి సొంత షెడ్డు పెట్టుకున్నాను. మన వైపు కూడా ఇప్పుడు ఇలాంటి స్పోర్ట్స్ కార్లు ఒకటీ అరా కనిపిస్తున్నాయి. కొనేముందు నన్ను అడిగేవాళ్లు మైలేజీ ఎంత, సర్వీసుకి ఎంతవుతుంది, పార్టులు ఎక్కడ దొరుకుతాయి అని అడుగుతారు. బండిని ఎక్కడ నిలబెట్టాలి అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. ఈ కారుకు వచ్చిన కష్టమంతా అక్కడి నుంచే వచ్చింది. యజమాని ఒప్పుకున్నారు కాబట్టి పేరు లేకుండా మొత్తం రాస్తున్నాను. మధ్యలో నేను చేసిన తప్పు కూడా ఉంది, అది దాచడం లేదు.

బండి లాంబోర్గిని గల్లార్డో ఎల్‌పీ 560-4. 2011లో కర్ణాటకలో రిజిస్టరైంది. సీట్ల వెనక 5.2 లీటర్ల పది సిలిండర్ల ఇంజను, 560 హార్స్‌పవర్, పవరు నాలుగు చక్రాలకూ వెళ్తుంది. గేర్లు స్టీరింగు వెనక ఉన్న రెండు రెక్కలతో మారుస్తారు. కంపెనీ దీన్ని ఈ-గేర్ అంటుంది. క్లచ్ పెడలు కనిపించదు కాబట్టి చాలామంది దీన్ని ఆటోమేటిక్ అనుకుంటారు. కాదు. లోపల ఉండేది మామూలు గేర్‌బాక్సు, అరిగిపోయే క్లచ్ ప్లేట్లే. మన ఎడమకాలు చేసే పనిని ఒక హైడ్రాలిక్ సిస్టమ్ చేస్తుంది, అంతే. డ్రైవరు డోరు తీయగానే వెనక పంపు మోటారు రెండు మూడు సెకన్లు జుయ్‌మని తిరిగి ప్రెషరు కట్టుకుంటుంది. ఆ చప్పుడు రాకపోతే గేరు పడదు. ఈ కేసంతా ఆ చప్పుడు చుట్టూ తిరిగింది.

యజమాని వనామీ రొయ్యల రైతు. ఇందుకూరుపేట మండలంలో, మైపాడు వైపు, రాత్రిపూట అలల హోరు వినిపించేంత దగ్గరలో గుంటలు, వాటి పక్కనే ఇల్లు. చిన్నప్పుడు క్యాలెండరులో చూసిన కారట. 2023లో బెంగళూరులో మూడో చేతి మీద కొన్నారు. అప్పటికి 19 వేల కిలోమీటర్లు తిరిగింది. కొనేటప్పుడు ఇంజను, బాడీ, సర్వీసు పుస్తకం అన్నీ జాగ్రత్తగానే చూసుకున్నారు.

అక్టోబరు వానలకు ఐదు వారాలు బండి బయటికి తీయలేదు. తర్వాత డోరు తీస్తే చప్పుడు లేదు. డాష్‌బోర్డు మీద గేరు వార్నింగు. ట్రాక్టరు బ్యాటరీ నుంచి వైర్లు వేస్తే ఇంజను అందుకుంది గానీ గేరు పడలేదు, కాసేపటికి ఆగిపోయింది. ఫొటోలూ వీడియోలూ పంపితే ఒక పెద్ద ఊరి వర్క్‌షాపు వాళ్లు క్లచ్, పంపు రెండూ పోయాయని చెప్పి లక్షల్లో ఎస్టిమేటు పంపారు. కంపెనీ డీలరు మనకు దగ్గరలో అంటే బెంగళూరే. నాయుడుపేట, తిరుపతి, చిత్తూరు, కోలారు మీదుగా దాదాపు 380 కిలోమీటర్లు. ఆ దూరం ఈ కారుని ఫ్లాట్‌బెడ్ (బండిని మొత్తం పైకెక్కించుకుని తీసుకెళ్లే లారీ) మీద తప్ప వేరేగా తీసుకెళ్లకూడదు. ఆయన ఫ్లాట్‌బెడ్ మాట్లాడుకున్నాక, తెలిసినవాళ్లు చెబితే నాకు ఫోన్ చేశారు. "రెండు రోజులు ఆగండన్నా, నేను చూశాక పంపుదురుగానీ" అన్నాను.

నేను వెళ్లి ముందు స్కానరు (బండి కంప్యూటరులో నమోదైన లోపాల కోడ్లు చదివే పరికరం) పెట్టలేదు. బ్యాటరీ మీద మీటరు పెట్టాను. 11.4 వోల్టులు. నిండు బ్యాటరీ 12.6 దాకా చూపిస్తుంది, 12.2 అంటే సగం ఖాళీ అయినట్టు, 11.8 దిగితే ఏమీ లేనట్టే. ఎనిమిది నెలల కిందట వేసిన కొత్త బ్యాటరీ అది. విప్పి తీసుకొచ్చి రాత్రంతా నిదానంగా చార్జింగు పెట్టాను. మర్నాడు బిగించి డోరు తీయగానే వెనక నుంచి జుయ్‌మంది. గేరు పడింది. ఆయన నా భుజం పట్టుకుని కాసేపు మాట్లాడలేదు.

అప్పుడు స్కానరు పెట్టాను. ఉన్న కోడ్లన్నీ వోల్టేజీ పడిపోయినప్పుడు నమోదైనవి. ఈ బండి కంప్యూటరు క్లచ్ అరుగుదలని కూడా శాతంలో చూపిస్తుంది. 41 చూపించింది. అంటే క్లచ్‌కి ఇంకా సగానికి పైగా ఆయుష్షు ఉంది. ఫొటో చూసి క్లచ్ పోయిందని చెప్పడం ఎంత ప్రమాదమో ఆ ఒక్క అంకె చెబుతుంది. ఇలాంటి కారున్నవాళ్లకు నా మొదటి సలహా ఇదే: గేరు పడకపోతే ముందు బ్యాటరీ చూపించండి. ఆ కొలత లేకుండా ఎవరు ఎస్టిమేటు ఇచ్చినా ఒప్పుకోకండి. ట్రాక్టరు, లారీ బ్యాటరీలతో వైర్లు వేయకండి. ఆ బండి ఇంజను నడుస్తుండగానో, తొందరలో వైర్లు అటూ ఇటూ మారిపోయో వోల్టేజీ ఎగిరితే పోయేవి కంట్రోల్ యూనిట్లు, అంటే బండి లోపలి చిన్న కంప్యూటర్లు. అవి బ్యాటరీలా మన ఊళ్లో దొరకవు.

ఇక కొత్త బ్యాటరీ ఎందుకు చచ్చింది? ఏ కారైనా తాళం వేసి ఉన్నప్పుడు కూడా కొంచెం కరెంటు తాగుతూనే ఉంటుంది. 30 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల లోపు అయితే పర్లేదు. కొలిచేటప్పుడు తొందరపడకూడదు. ముందు డిక్కీ తెరిచి ఉంచి, గొళ్లాన్ని స్క్రూడ్రైవరుతో మూసినట్టు నొక్కి, తాళం వేసి, కంట్రోల్ యూనిట్లన్నీ నిద్రపోయేదాకా నలభై నిమిషాలు ఆగాలి. ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకి చూడటం పాత పద్ధతి. ఒకటి పీకి పెడితే యూనిట్లు మళ్లీ మేలుకుంటాయి, లెక్క తప్పుతుంది. ఫ్యూజు రెండు చివర్ల మధ్య మిల్లీవోల్టులు చూసుకుంటూ పోవాలి. అలా చూస్తే మొత్తం 160 మిల్లీ ఆంపియర్లు వచ్చింది. అంటే రోజుకు 3.8 ఆంపియర్ అవర్లు. 70 ఆంపియర్ అవర్ల బ్యాటరీ పద్దెనిమిది రోజుల్లో ఖాళీ. వెతికితే, పాత యజమాని పెట్టించుకున్న జీపీఎస్ ట్రాకరు, సీటు వెనక ఒక ఆంప్లిఫయరు తాళంతో సంబంధం లేని వైరుకు కలిపి ఉన్నాయి. రెండూ తీసేస్తే 45కి దిగింది. బిల్లు రాసి, బండి అప్పజెప్పి వచ్చేశాను.

తప్పు అక్కడే చేశాను. ఇరవై రెండు రోజుల తర్వాత మళ్లీ ఫోన్. మళ్లీ చప్పుడు లేదు.

నేను వెళ్లి మళ్లీ కొలిచాను. మధ్యాహ్నం రెండు గంటలకు 45 మిల్లీ ఆంపియర్లు, ముందు చూసినట్టే. గంటన్నర కూర్చున్నా ముల్లు కదల్లేదు. నాకు ఏమీ తోచలేదు, చెప్పలేనంత టెన్షన్. ఆయన నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని అన్నారు: "ఏంది తమ్ముడూ, పట్టపగలు చూస్తే ఏం తెలుస్తది? మా గుంటల్లో డీఓ మేము తెల్లారుజామున చూస్తాం. పగలు ఎప్పుడు చూసినా బాగానే ఉంటది."

గుంట నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ని డీఓ అంటారు. పగలు ఎండకి నీటిలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా అన్నీ కలిసి దాన్ని వాడేస్తాయి, తెల్లవారుజామున అట్టడుగుకి పడిపోతుంది. అందుకే నీళ్లని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు రాత్రి ఆగితే రైతుకి నిద్ర ఉండదు. ఆయన మాట విన్నాక నేను ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను. తొమ్మిదింటికి 60. పన్నెండింటికి 95. నాలుగున్నరకి 140. షెడ్డు రేకుల నుంచి మంచు బొట్లు పడుతున్నాయి, గాలి సముద్రం మీద నుంచి వస్తోంది. ఎక్కడో ఒక వైరు చెమ్మకి లీకవుతోంది, ఎండెక్కాక ఆరిపోతోంది. నేను రెండుసార్లూ ఆరిపోయాకే చూశాను.

వెనక ఇంజను కవర్లు విప్పడం మొదలుపెట్టాం. గేర్‌బాక్సు వైపు వెళ్లే వైరింగు కట్టని టార్చి వేసి వేళ్లతో తడుముతూ పోయాను. పంపు రిలేకి (పంపుని ఆన్ చేసే స్విచ్చికి) కరెంటు తెచ్చే వైరు మీద ఒకచోట వేలికి గరుకు తగిలింది. బొటనవేలి గోరంత పొడవున ప్లాస్టిక్ లేదు. అంచుల్లో పంటి గాట్లు రెండేసి జంటలుగా స్పష్టంగా కనిపిస్తున్నాయి. లోపలి రాగి తీగ ఎర్రగా లేదు, పచ్చటి చిలుము పట్టి, వేలితో రాస్తే పొడి రాలింది. ఆ వైరు ఆనుకుని ఉన్న ఇనుప బ్రాకెట్టు మీద బురదలాంటి బూజు, నాలిక్కి పెడితే ఉప్పగా ఉంది. డోరు తీస్తే పంపు తిరగాలి కాబట్టి ఆ వైరులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. తెల్లవారుజాము చెమ్మకి ఆ ఉప్పు తడిసి, వైరు నుంచి బాడీకి దారి వేస్తోంది. అలా కరెంటు పారినన్నాళ్లూ చిలుము తీగని తినేస్తూ వచ్చింది. పంపు తిరిగేటప్పుడు ఆ వైరు రెండు చివర్ల మధ్య చూస్తే 1.6 వోల్టులు పోతోంది. అంటే బ్యాటరీ నిండుగా ఉన్నా పంపుకి చేరేది తక్కువే.

ఇంకొంచెం పైన, వేడి తగలకుండా పెట్టిన కవరు వెనక, గూడు. ఫీడు బస్తా దారాలు, కొబ్బరి పీచు, మధ్యలో రొయ్యల మేత గుళికలు. షెడ్డుకీ ఫీడు గోదాముకీ మధ్య ఒకటే గోడ, పైన రేకుల దగ్గర జానెడు సందు. చేపపొడి వాసనకి వచ్చిన ఎలుకలకి ఇంజను దగ్గర ఎంత వానలోనూ తడవని వెచ్చటి చోటు దొరికింది. ఇలాంటి కార్ల మీద పుస్తకాల్లో, వీడియోల్లో ఎక్కడా ఈ సంగతి ఉండదు. గుంటల పక్కన, ధాన్యం కొట్ల పక్కన బండి పెట్టుకునే మనకి మాత్రం అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది ఇదే.

వైరుని మెరిసే రాగి కనిపించేదాకా రెండువైపులా కత్తిరించి, కొత్త ముక్కని నొక్కి బిగించి (క్రింపు చేసి), లోపల జిగురు ఉండి వేడికి బిగుసుకునే ష్రింక్ ట్యూబు వేసి, పైన ఇనుప అల్లిక గొట్టం తొడిగాను. ఉత్త ఇన్సులేషన్ టేపు చుడితే ఉప్పుగాలికి మళ్లీ చిలుము రావడం ఖాయం. 1.6 వోల్టులు పోయే చోట 0.15కి వచ్చింది. మరుసటి తెల్లవారుజామున, నాలుగున్నరకి, 36 మిల్లీ ఆంపియర్లు. మధ్యాహ్నం 34. ఇక రాత్రికీ పగలుకీ తేడా లేదు. మొదటిసారి తీసుకున్న కూలి డబ్బు నేను తిరిగి ఇచ్చేశాను.

ఫీడు గోదామును గుంటల అవతలి గట్టుకి మార్చారు. సందుకి ఇనుప జల్లెడ కొట్టించారు. బ్యాటరీ మెయింటైనరు ఒకటి పెట్టించాను. ఇది మామూలు చార్జరు కాదు, నిండాక తానే తగ్గించుకుంటుంది, నెలలు వదిలేసినా బ్యాటరీని ఉడికించదు. ఏరియేటర్ల జనరేటరు లైను నుంచే దానికి ప్లగ్గు ఇచ్చాం, కరెంటు పోయినా ఆగదు.

షెడ్డు గురించి ఇంకొక ముఖ్యమైన విషయం ఉంది. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు దగ్గర హైవే, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయినప్పుడు ఆయన ఇంటి ఆవరణలోనూ మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. ఆ భయంతో ఈ కారు కోసం షెడ్డు నేలని రెండడుగులు ఎత్తు కట్టించారు. మంచి పనే. కానీ ఎక్కడానికి కట్టించిన ర్యాంపు పొడవు పదడుగులే. ఐదడుగులకి అడుగు చొప్పున ఏటవాలు. ముందు ముక్కు గీసుకుపోతుందని ఆయన ప్రతిసారీ బండిని రివర్సులో ఎక్కిస్తున్నారు. ఈ-గేర్ క్లచ్‌కి అంతకన్నా చేటు లేదు. మనం కాలితో అయితే క్లచ్ ఎంత పట్టిందో తెలిసి సర్దుకుంటాం. ఇక్కడ కంప్యూటరు మెల్లగా వదులుతూ, బరువుని సగం పట్టిన క్లచ్ మీదే పైకి నెడుతుంది. ప్లేట్లు కాలిన వాసన ఆయనకి చాలాసార్లు వచ్చిందట, ఇంజను వాసన అనుకున్నారు. 2023లో కొన్నప్పుడు తీసిన రిపోర్టులో అరుగుదల 22 ఉంది. ఏడాదిన్నరలో, రెండు వేల కిలోమీటర్లకే 41 అయింది. అందులో ఎక్కువ భాగం ఆ పదడుగుల్లోనే అరిగిందని నా నమ్మకం.

మేస్త్రీని పిలిపించి ర్యాంపుని ఇరవై అడుగులకి పొడిగించాం. ఇప్పుడు పదికి ఒకటి వాలు. ముక్కు ఎత్తే బటన్ నొక్కి నేరుగా ముందుకే ఎక్కిస్తారు. బయటికి తీసేటప్పుడు రివర్సు, కానీ కిందికి, దాని బరువుకి అదే దిగుతుంది. ఇసుక, సిమెంటు, కంకరకి అయిన ఖర్చు క్లచ్ మార్పిడి ఖర్చులో చిన్న ముక్క. నాలుగు నెలల తర్వాత చూస్తే అరుగుదల 42 దగ్గరే ఉంది.

స్పీడు బ్రేకర్ల గురించి అందరూ భయపెడతారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అలా కట్టినదాన్ని ముక్కు ఎత్తుకుని ఈ కారు దాటేస్తుంది. ఊళ్లలో సొంతంగా పోసుకునే సన్నటి దిబ్బలతోనే చిక్కు. ఆయన మైపాడు రోడ్డు మీద ఉన్నవాటిని నడిచి చూసుకుని, ఏది ఏ పక్కనుంచి ఐమూలగా దాటాలో గుర్తుపెట్టుకున్నారు.

టైర్ల దగ్గర మాత్రం మా ఇద్దరికీ కొంచెం వాదన జరిగింది. గీతలు లోతుగా ఉన్నాయి కదా, ఎందుకు మార్చాలి అని ఆయన. నేను టార్చి వేసి టైరు పక్కన అండాకారపు గడిలో ఉన్న నాలుగంకెలు చూపించాను: 2416. 2016లో 24వ వారం తయారైంది. ఎనిమిదేళ్లు దాటింది. పక్కగోడ వంచి చూస్తే వెంట్రుకంత బీటలు. టైరు తిరగకపోయినా రబ్బరు ఎండిపోతుంది, ఎండా ఉప్పుగాలీ ఇంకా తొందరగా ఎండబెడతాయి. ఈ బండికి ముందు 235/35, వెనక 295/30, రెండూ 19 అంగుళాలవి. నాలుగు చక్రాలకీ పవరు వెళ్తుంది కాబట్టి ముందువి పాతవి, వెనకవి కొత్తవి అని వేయకూడదు. చుట్టుకొలతలో తేడా వస్తే ముందు చక్రాలకి పవరు పంపే కప్లింగు ఆగకుండా జారుతూ వేడెక్కుతుంది. నాలుగూ ఒకేసారి మార్చాం. ఈ మొత్తంలో పెద్ద బిల్లు అదే, అది తప్పించుకోవడానికి దారి లేదు.

చిన్నవి కొన్ని. హ్యాండ్‌బ్రేకు వేసి వారాలు వదిలేస్తే ఉప్పు చెమ్మకి పట్టుకుపోతుంది, చక్రాల కింద చెక్క దిమ్మెలు పెట్టడం మేలు. ఇంజన్‌ ఆయిలు చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే ఈ బండిలో తప్పు చూపిస్తుంది. ఆయిలు వేరే ట్యాంకులో ఉండే పద్ధతి కాబట్టి, వేడెక్కాక ఇంజను నడుస్తుండగా చూడాలి. పెట్రోలు విషయంలో, 2025 నాటికి మన దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే మామూలైంది. 2011 నాటి ఇంజను దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. పైగా ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. సగం ట్యాంకుతో సముద్రం పక్కన నెలలు నిలబెట్టడం మంచిది కాదు. ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు దొరికినప్పుడు నింపి, నెలలోపు వాడేయమన్నాను. వానల్లో నెల్లూరులో నీళ్లు నిలిచే రామలింగాపురం, మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జిల వైపు అసలు పోవద్దని గట్టిగా చెప్పాను. గాలి పీల్చే దారులు తలుపుల వెనకే ఉంటాయి. నీళ్లు ఇంజన్లోకి పోయాక స్టార్ట్ చేస్తే జరిగే నష్టానికి, ఇంజను ప్రొటెక్షను విడిగా తీసుకోకపోతే, మామూలు ఇన్సూరెన్సు డబ్బు ఇవ్వదు.

కాగితాల సంగతి నా పని కాదు గానీ చెప్పక తప్పలేదు. బండి ఇంకా కర్ణాటక నంబరు మీదే ఉంది. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలకి మించి ఉంచితే ఇక్కడ నంబరు వేయించుకోవాలి. 2026లో పదిహేనేళ్లు నిండి రిజిస్ట్రేషను రెన్యువల్ వస్తుంది. 2022 ఏప్రిల్ నుంచి దిగుమతి కార్లకి ఆ ఫీజు 40,000 రూపాయలు, మామూలు కార్లకి 5,000. ఇప్పుడు ఆయన ఎన్‌ఓసీకి (నిరభ్యంతర పత్రానికి) అర్జీ పెట్టారు.

ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి బండి తీస్తారు. పోర్టు లారీలు ఎక్కువ కాకముందే కోవూరు దాటి, కావలి వైపు హైవే మీద వెళ్లి తిరిగి వస్తారు. నాలుగు లేన్ల హైవే మీద కార్లకి వంద కిలోమీటర్లే పరిమితి. ఆ వేగం మీద ఆ ఇంజన్‌కి పెద్ద పనే ఉండదు, అయినా ఆయిలు పూర్తిగా వేడెక్కి, లోపలి చెమ్మ ఆవిరైపోవడానికి గంటసేపు ఆగకుండా తిరగడం చాలు. ఊళ్లో పది నిమిషాలు తిప్పి షెడ్డులో పెట్టడం కన్నా తిప్పకపోవడమే నయం.

2025 జూలైలో చూడటానికి వెళ్లాను. షెడ్డు గోడకి మేకుకి ఒక నోటుబుక్కు వేలాడుతోంది. గుంటల దగ్గర డీఓ, సెలినిటీ (నీటి ఉప్పదనం) రాసే కుర్రాడే రాస్తున్నాడు. ఒక వరసలో తేదీ, పక్కన బ్యాటరీ వోల్టులు, దాని పక్కన ఎలుక పెంటికలు కనిపించాయా లేదా. 12.7, లేవు. 12.7, లేవు. జూన్ 19న మాత్రం "గోడ పక్క 3" అని ఉంది, కింద ఆయన చేతిరాతతో "జల్లెడ చూడు" అని. చూశారట, ఒక మూల ఊడి ఉంటే మళ్లీ కొట్టించారు. డోరు నేను తీయలేదు, ఆ కుర్రాడిని తీయమన్నాను. వెనక నుంచి జుయ్‌మంది. వాడు పుస్తకంలో టిక్కు పెట్టుకుని గుంటల వైపు వెళ్లిపోయాడు.